ఏడేళ్ళకే క్లిప్పులా, పన్నెండేళ్ళ దాకా ఆగడమా? పిల్లల పళ్ళ వరస విషయంలో తల్లిదండ్రులకు ఒక పోలిక

ఏడెనిమిదేళ్ళ పిల్ల నవ్వినప్పుడు ముందు పళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కి కనబడితే ఇంట్లో రెండు మాటలు మొదలవుతాయి. "పన్ను మీద పన్ను అదృష్టం, అలాగే ఉండనివ్వండి" అని అమ్మమ్మ అంటుంది. "దవడ ఎదిగే వయసులోనే సరిచేస్తే మంచిది, ఆలస్యమైతే పళ్ళు పీకవలసి వస్తుంది" అని డాక్టరు అంటారు. ఈ రెండు మాటల మధ్య నలిగిన తల్లుల్లో నేనూ ఒకదాన్ని. మా పెద్దమ్మాయికి ఎనిమిదో ఏటే పై దవడ వెడల్పు చేయించాము. ఆమె కంటే పళ్ళు ఎక్కువ వంకరగా కనిపించిన మా అబ్బాయికి మాత్రం పన్నెండో ఏడు నిండేదాకా క్లిప్పులు వేయించలేదు. చూసినవారికి ఇది తలకిందుల వ్యవహారంగా తోచింది. కాని చికిత్స ఏ వయసులో మొదలుపెట్టాలో తేల్చేది పళ్ళు ఎంత వంకరగా ఉన్నాయన్న విషయం కాదని, ఆగితే చేజారిపోయేది ఏమైనా ఉందా అన్న ప్రశ్న అని ఆ నాలుగైదేళ్ళలో నాకు బాగా అర్థమైంది.

ముందుగా దేనిని చూడాలి

మొదట చూడవలసింది లోపం పన్నులో ఉందా, దవడ ఎముకలో ఉందా అన్నది. పళ్ళు మాత్రమే అటూ ఇటూ తిరిగి ఉంటే వాటిని పన్నెండో ఏటా కదల్చవచ్చు, నలభయ్యో ఏటా కదల్చవచ్చు. పై దవడ ఇరుకుగా ఉన్నా, కింది దవడ పై దవడను దాటి ముందుకు పెరుగుతున్నా పరిస్థితి వేరు, ఎందుకంటే ఎముక ఎదుగుదలను మలచడానికి ఉన్న గడువు పళ్ళకు ఉన్నంత పొడవైనది కాదు.

రెండవది, ఆగడం వల్ల ఏదైనా పాడవుతుందా అన్నది. నోరు మూసినప్పుడు ఒక పై పన్ను కింది పన్ను వెనక చిక్కుకుని, రోజూ దానిని ముందుకు తోస్తూ చిగురును దింపేస్తుంటే ఆగడం నష్టమే. బాగా ఎత్తుపళ్ళున్న పిల్లవాడు సైకిలు మీంచి పడితే ముందు పన్ను విరగవచ్చు, అదీ నష్టమే. ముందు పళ్ళ మధ్య సందు ఉంటే మాత్రం ఎనిమిదో ఏట పోయేదేమీ లేదు.

మూడవది, తనంతట తాను సర్దుకునే స్థితి అవునా కాదా అన్నది. నాలుగవది, ఆ పరికరాన్ని రోజుకు పన్నెండు, ఇరవై గంటలు పెట్టుకునే ఓపిక, పళ్ళు శుభ్రంగా తోముకునే అలవాటు ఆ పిల్లకు ఉన్నాయా అన్నది. చివరిది డబ్బు, కాలం. చిన్న వయసులో ఒక విడత చేయించినంత మాత్రాన పెద్దయ్యాక క్లిప్పులు తప్పుతాయన్న హామీ లేదు. చాలామందికి రెండో విడత కూడా అవసరమే అవుతుంది.

కంగారు పడనవసరం లేనివి

ఎంపికల్లోకి వెళ్ళే ముందు ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అనవసరపు చికిత్సల్లో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. ఆరు నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లల నోట్లో పాలపళ్ళు, శాశ్వత దంతాలు కలిసి ఉంటాయి. ఆ ఆరేళ్ళూ ఏ నోరూ అందంగా ఉండదు.

ఆరో ఏట కింది ముందు పళ్ళు కొన్నిసార్లు పాలపళ్ళ వెనక నుంచి మొలుస్తాయి, రెండు వరసలు కనిపిస్తాయి. చాలా మందిలో పాలపన్ను ఊడిపోగానే నాలుక ఒత్తిడికి కొత్త పన్ను మెల్లగా ముందుకు వస్తుంది. ఊడిన పన్నును పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసిరి, రెండు మూడు నెలలు చూస్తే సరిపోతుంది. పాలపన్ను కదలకుండా అలాగే పాతుకుని ఉంటే అప్పుడు డాక్టరు దానిని తీస్తారు.

ఎనిమిదో ఏట పై ముందు పళ్ళు విసనకర్రలా విచ్చుకుని మధ్యలో సందుతో కనిపిస్తాయి. పైన ఎముకలో ఉన్న కోరపళ్ళు దిగుతూ పక్కపళ్ళ వేళ్ళను ఒత్తుతుండడమే దీనికి కారణం. ఆర్థోడాంటిక్స్ (పళ్ళ వరస సరిచేసే వైద్యం) పుస్తకాల్లో దీనికి అందవికారపు బాతుపిల్ల దశ అనే పేరే ఉంది. పదకొండు, పన్నెండేళ్ళకు కోరపళ్ళు దిగాక ఆ సందు చాలామందిలో దానంతట అదే మూసుకుంటుంది. ఆ సందును ఎనిమిదో ఏటే క్లిప్పులతో బలవంతంగా మూస్తే, దిగుతున్న కోరపన్నుకు పక్కపన్ను వేరు అడ్డం వచ్చి ఆ వేరే అరిగే ప్రమాదం ఉంది.

ఇక కింది ముందు పళ్ళ కొద్దిపాటి ఇరుకు సంగతి. పాల దవడపళ్ళు వాటి స్థానంలో వచ్చే శాశ్వత దంతాల కన్నా వెడల్పుగా ఉంటాయి. అవి ఊడినప్పుడు కింది దవడలో ఒక్కో పక్క సగటున 1.7 మిల్లీమీటర్ల చోటు మిగులుతుంది, పై దవడలో 0.9 మిల్లీమీటర్లు. ఆ చోటును వెనకాల ఉన్న దవడపన్ను జరిగి ఆక్రమించకుండా చూసుకోగలిగితే, ముందు పళ్ళ ఇరుకు చాలా వరకు సర్దుకుంటుంది. మా అబ్బాయికి పదిన్నరేళ్ళప్పుడు చేయించినది ఇంతే: కింది దవడపళ్ళకు బ్యాండ్లు అనే రెండు లోహపు కట్లు వేసి, వాటి మధ్య నాలుక పక్కన ఒక సన్నని తీగ అమర్చారు. అంతకు రెండేళ్ళ ముందు వేరొక చోట, ఎక్స్‌రే కూడా తీయకుండా, అదే నోటికి ఏడాదిన్నర క్లిప్పులు, ఆ తర్వాత మళ్ళీ క్లిప్పులు అని లెక్క రాసి ఇచ్చారు.

మొదటి దారి: ఆగి, గమనిస్తూ ఉండడం

ఏడో ఏటికల్లా పిల్లలను ఒకసారి ఆర్థోడాంటిస్టుకు చూపించమని అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ సూచిస్తుంది. చూపించడం వేరు, మొదలుపెట్టడం వేరు. ఈ తేడా చాలాసార్లు మరుగున పడుతుంది. గమనించడమంటే ఊరికే ఉండడం కూడా కాదు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి వెళ్ళి, పళ్ళు సరైన క్రమంలో మొలుస్తున్నాయా, పాలపళ్ళు పుచ్చి ముందుగానే పోతున్నాయా అని చూపించుకోవడం.

ఈ దారిలో ఉన్నవారు మరచిపోకూడనిది కోరపన్ను. తొమ్మిది, పదేళ్ళ వయసులో పై పెదవి కింద చిగురు మీద వేలితో తడిమితే, దిగబోతున్న కోరపన్ను ఉబ్బుగా తగలాలి. ఒక పక్క తగిలి మరో పక్క తగలకపోతే ఎక్స్‌రే తీయించాలి, ఎందుకంటే అది అంగిలి వైపు దారి తప్పి ఉండవచ్చు. సరైన సమయంలో పట్టుకుంటే, అక్కడున్న పాల కోరపన్నును తీసివేయడంతోనే చాలామందిలో అది దారికి వస్తుంది. 1988లో స్వీడన్‌లో ఎరిక్సన్, కురోల్ ప్రచురించిన పరిశీలనలో అలా చేసిన కోరపళ్ళలో 78 శాతం సరైన దారికి మళ్ళాయి. ఆలస్యమైతే అదే పన్నును చిగురు కోసి, గొలుసు కట్టి లాగవలసి వస్తుంది.

రెండో దారి: ఒక్క లోపానికి ఒక చిన్న చికిత్స

నా దృష్టిలో చిన్న వయసులో అత్యంత విలువైనది ఇదే, కాని దీని గురించి మాట్లాడేవారు తక్కువ. ఇందులో నోరంతా సరిచేయాలన్న ఆశ ఉండదు. చెడిపోతున్న ఒక్కదాన్ని ఆపి, తక్కినదంతా ఎదుగుదలకు వదిలేస్తారు.

పాల దవడపన్ను పుచ్చిపోయి ముందుగానే తీయవలసి వస్తే, ఆ ఖాళీలోకి ఆరో ఏట వచ్చిన పెద్ద దవడపన్ను ఒరిగిపోతుంది. దానిని ఆపడానికి స్పేస్ మెయింటైనర్ అనే చిన్న బ్యాండు, తీగ చాలు. "పాలపన్నే కదా, ఊడిపోయేదే కదా" అని పుచ్చును వదిలేయడం మన ఇళ్ళలో మామూలే. తర్వాత పడే పన్ను మీద పన్నుకు అదొక పెద్ద కారణం. ఆరో ఏట వెనకాల మొలిచే దవడపన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి దానిని కూడా పాలపన్నే అనుకుని అశ్రద్ధ చేస్తారు. అది జీవితాంతం ఉండవలసిన పన్ను.

బొటనవేలు చీకడం నాలుగేళ్ళ లోపు మానితే సాధారణంగా బెంగ లేదు. శాశ్వతమైన ముందు పళ్ళు వచ్చే ఆరేడేళ్ళకు కూడా మానకపోతే పై పళ్ళు ముందుకు తోసుకుపోయి, నోరు మూసినా ముందు పళ్ళ మధ్య వేలు పట్టేంత ఖాళీ మిగులుతుంది. బుజ్జగింపుతో మానకపోతే, అంగిలి దగ్గర అమర్చే తీగ పరికరం సాయపడుతుంది. నిద్రలో నోరు తెరిచి గురకపెట్టే పిల్లలను మాత్రం ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు అనే కండ వాచి అడ్డంగా ఉంటే క్లిప్పులు దానికి మందు కాదు.

ఇక మా పెద్దమ్మాయి సంగతి. ఆమె పై దవడ ఇరుకు. నోరు మూసేటప్పుడు దవడపళ్ళు సరిగా కుదరక, కింది దవడను ఎడమవైపుకు జరిపి కొరికేది. ఫొటోల్లో గడ్డం కొద్దిగా పక్కకు పోయి కనిపించేది. దీనినే క్రాస్‌బైట్ అంటారు. దవడ ఇలా పక్కకు జరుగుతున్నప్పుడు ఆగకూడదు, ఎందుకంటే ఎదిగే ఎముక ఆ వంకరకే అలవాటు పడవచ్చు. అంగిలి మధ్య అతుకు చిన్న వయసులో తేలిగ్గా విడుతుంది, పదహారు, పదిహేడేళ్ళకు గట్టిపడుతూ వస్తుంది. ఎక్స్‌పాండర్ అనే మరను అంగిలికి అమర్చి, రోజూ తాళంచెవితో ఒక తిప్పు తిప్పమన్నారు, ఒక్కో తిప్పుకు పావు మిల్లీమీటరు. రాత్రి పళ్ళు తోమాక ఆమె తల నా ఒళ్ళో పెట్టుకునేది. ఆమె తండ్రి ఫోను లైటు పట్టుకునేవారు. తాళంచెవి గొంతులోకి జారకుండా దారం కట్టి, ఆ దారం నా వేలికి చుట్టుకుని, ముందున్న రంధ్రంలో పెట్టి గొంతు వైపుకు తోసేదాన్ని. "ముక్కు దగ్గర ఎవరో నొక్కుతున్నట్టుంది" అనేది, ఐదు నిమిషాలకు తగ్గేది. పది రోజులకు పై ముందు పళ్ళ మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు వచ్చింది. డాక్టరు ముందే చెప్పకపోయి ఉంటే భయపడిపోయేవాళ్ళం. అది అతుకు విడిందనడానికి గుర్తు, కొద్ది నెలల్లో తనంతట తానే మూసుకుపోయింది. మూడు వారాలు తిప్పాక, కొత్త ఎముక నిండడానికి మరో ఆరు నెలలు మరను అలాగే ఉంచారు. గడ్డం నడిమికి వచ్చింది.

అదే ఎక్స్‌పాండర్‌ను క్రాస్‌బైట్ లేని పిల్లలకు, కేవలం ఇరుకు కోసం, "పళ్ళు పీకడం తప్పుతుంది" అనే భరోసాతో వేస్తామంటే మాత్రం నేను రెండో అభిప్రాయం అడుగుతాను.

మూడో దారి: రెండు విడతల పూర్తి చికిత్స

ఏడు నుంచి పదేళ్ళ మధ్య ఒక విడత, కొంత విరామం, మళ్ళీ పన్నెండు, పదమూడేళ్ళకు క్లిప్పులు. ఎవరికి ఇది మేలు చేస్తుందో, ఎవరికి చేయదో పరిశోధనలు కొంతవరకు తేల్చాయి.

పై పళ్ళు బాగా ఎత్తుగా ఉండి కింది దవడ వెనక్కు ఉన్న పిల్లల మీద అమెరికాలోని నార్త్ కరోలినా, ఫ్లోరిడాలలో, బ్రిటన్‌లో పెద్ద పరిశీలనలు జరిగాయి. వాటిని కలిపి చూసిన సమీక్షను, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2007లో తెచ్చింది, 2013లోనూ 2018లోనూ తాజా పరచింది. చిన్నప్పుడే మొదలుపెట్టి రెండు విడతలు చేయించుకున్నవారికీ, పెద్దయ్యాక ఒకే విడత చేయించుకున్నవారికీ చివరి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఒక్కటి తప్ప: ముందుగా చేయించుకున్నవారిలో ముందు పళ్ళు దెబ్బ తినడం తగ్గింది. కాబట్టి ఎత్తుపళ్ళు బాగా ముందుకు ఉండి, పెదవులు మూతపడక, ఆటల్లో తరచూ పడే పిల్లవాడికీ, పళ్ళ గురించి బడిలో వెక్కిరింతలు పడి నవ్వడమే మానేసిన పిల్లకూ ముందుగా మొదలుపెట్టడంలో అర్థం ఉంది. తక్కినవారు ఆగవచ్చు, ఆటల్లో మౌత్‌గార్డు పెట్టించవచ్చు.

కింది పళ్ళు పై పళ్ళ ముందుకు మూసుకునే పిల్లల విషయం దీనికి విరుద్ధం. పై దవడ వెనకబడి ఉన్నవారికి, పదేళ్ళ లోపు ఫేస్ మాస్క్ అనే బయటి పరికరంతో దానిని ముందుకు లాగవచ్చు. రోజుకు పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు, ఎక్కువగా ఇంటి దగ్గర, నిద్రలో. బ్రిటన్‌లో ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల మీద జరిగిన ఒక పరిశీలనలో ఆరేళ్ళ తర్వాత చూస్తే, ఫేస్ మాస్క్ వాడినవారిలో 36 శాతం మందికి, వాడనివారిలో 66 శాతం మందికి దవడ శస్త్రచికిత్స అవసరమని తేలింది. హామీ అయితే లేదు. తండ్రికో తాతకో కింది దవడ ముందుకు ఉంటే, పద్దెనిమిదేళ్ళ దాకా అది పెరుగుతూనే ఉండవచ్చు. అయినా ఇంత మేలు చేసే అవకాశాన్ని "పెద్దయ్యాక చూద్దాం" అని వదులుకోవడం నాకు బాధగా తోస్తుంది.

నాలుగో దారి: ఏపుగా ఎదిగే కాలంలో ఒకే విడత

కింది దవడ వెనకబడిన పిల్లలకు, దానిని ముందుకు నిలిపి ఉంచే ట్విన్ బ్లాక్ వంటి పరికరాలు బాగా పనిచేసేది వాళ్ళు ఏపుగా ఎత్తు పెరిగే కాలంలో. ఆడపిల్లల్లో అది సుమారు పదకొండు, పన్నెండేళ్ళకు, మగపిల్లల్లో పదమూడు, పద్నాలుగేళ్ళకు వస్తుంది. ఇక్కడ ఆడపిల్లల తల్లులు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: మొదటి నెలసరి వచ్చేసరికి ఆ ఎదుగుదలలో ఎక్కువ వేగం సాధారణంగా దాటిపోయి ఉంటుంది. "పెద్దమనిషి అయ్యాక చూద్దాం" అని ఆగితే ఆలస్యం కావచ్చు. తలుపు పక్క గోడ మీద ఎత్తు గీతలు గీసే అలవాటున్న ఇళ్ళు, ఆ గీతల మధ్య దూరం ఉన్నట్టుండి పెరిగిన ఏడాదిని గమనించి డాక్టరుకు చెప్పవచ్చు. ఎక్స్‌రేలో మెడ ఎముకల ఆకారం బట్టి వారు దానిని సరిచూసుకుంటారు.

పళ్ళ ఇరుకు మాత్రమే ఉన్న అత్యధిక పిల్లలకు కూడా ఈ దారే సరిపోతుంది. శాశ్వత దంతాలు దాదాపు అన్నీ వచ్చి ఉంటాయి, ఒకసారి వేసుకుంటే పని అయిపోతుంది.

| కనిపించే లక్షణం | తగిన దారి | ఆగితే ఏమవుతుంది |
|---|---|---|
| ఎనిమిదో ఏట ముందు పళ్ళ మధ్య సందు | ఆగి గమనించడం | సాధారణంగా తనంతట తానే మూసుకుంటుంది |
| ముందు పళ్ళ కొద్దిపాటి ఇరుకు | చోటు కాపాడే తీగ, తర్వాత ఒకే విడత | పెద్ద నష్టం లేదు |
| పాల దవడపన్ను ముందే పోవడం | స్పేస్ మెయింటైనర్, వెంటనే | పక్కపన్ను ఒరిగి ఇరుకవుతుంది |
| దవడ పక్కకు జరిగే క్రాస్‌బైట్ | ఎనిమిది, తొమ్మిదేళ్ళకే వెడల్పు చేయించడం | ముఖం ఒక పక్కకు ఎదగవచ్చు |
| కింది పళ్ళు ముందుకు మూసుకోవడం | పదేళ్ళ లోపు ఫేస్ మాస్క్ | శస్త్రచికిత్స అవకాశం పెరుగుతుంది |
| బాగా ఎత్తుపళ్ళు | దెబ్బల భయం, వెక్కిరింతలు ఉంటే ముందుగా. లేదంటే ఏపుగా ఎదిగే కాలంలో | పన్ను విరిగే ప్రమాదం |
| పదేళ్ళకూ కోరపన్ను తగలకపోవడం | ఎక్స్‌రే, అవసరమైతే పాలపన్ను తీయడం | చిగురు కోసి లాగవలసి రావచ్చు |

ఎవరి పరిస్థితికి ఏది

ఖర్చు గురించి ఆలోచించేవారు మొదట చిన్న చికిత్సకు, రెండు విడతల చికిత్సకు తేడా అడిగి తెలుసుకోవాలి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలల వంటి బోధనాసుపత్రుల్లో ఆర్థోడాంటిక్స్ విభాగం ఉంటుంది. వేచి ఉండవలసి రావచ్చు, కాని పర్యవేక్షణ నిపుణులదే. అమెరికాలో ఉన్న మనవారికి ఇంకో చిక్కు ఉంది. అక్కడి చాలా డెంటల్ బీమాల్లో క్లిప్పుల కోసం ఇచ్చే మొత్తానికి జీవితకాల పరిమితి ఉంటుంది. అది ఎనిమిదో ఏటి విడతకే ఖర్చయితే, పదమూడో ఏట మొత్తం చేతి నుంచి పెట్టుకోవాలి. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ వైద్య సేవ కింద పద్దెనిమిదేళ్ళ లోపువారికి అవసరం తీవ్రతను కొలిచి ఉచితంగా చేస్తారు, కాబట్టి అక్కడ ముందుగా పేరు నమోదు చేయించడం ముఖ్యం.

ఊళ్ళు మారే ఉద్యోగాలున్నవారు, పిల్లను హాస్టల్‌లో వేయబోతున్నవారు నెలనెలా వెళ్ళవలసిన చికిత్సను మధ్యలో ఆపవలసి వస్తుందేమో చూసుకోవాలి. పుచ్చుపళ్ళు ఎక్కువగా ఉన్న పిల్లకు ముందు పుచ్చు ఆపాలి. సరిగా తోముకోని నోట్లో క్లిప్పులు వేస్తే, అవి తీసేశాక పళ్ళ మీద తెల్లని మచ్చలు మిగులుతాయి. తీసి పెట్టుకునే అలైనర్లు (పళ్ళ మీద వేసుకునే పారదర్శకమైన తొడుగులు) చిన్నపిల్లలకూ వస్తున్నాయి, చూడడానికి బాగుంటాయి. రోజుకు ఇరవై గంటలకు పైగా ఉంచుకోకపోతే అవి పనిచేయవు, టిఫిను డబ్బాలో పెట్టి పోగొట్టుకునే వయసు పిల్లలకు అది కష్టమే. కొలతలు తీయకుండానే అందరికీ ఒకేలా ఇచ్చే, నోట్లో పెట్టుకునే మెత్తని ట్రైనర్ల మీద ఉన్న ఆధారాలు బలహీనం. వాటిని మాత్రమే నమ్ముకోవడం నేను సలహా ఇవ్వను.

డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు అడగవలసిన మాటలు మూడు: "ఇది ఎముక లోపమా, పన్ను లోపమా? రెండేళ్ళు ఆగితే కచ్చితంగా ఏమి నష్టపోతాము? ఈ విడత చేయించాక రెండో విడత అవసరం లేకుండా పోయే అవకాశం ఎంత?" ఇంకొక డాక్టరుకు చూపించాలనుకుంటే తీసిన ఎక్స్‌రేలు, ఫొటోలు, కొలతల నమూనాలు అడిగి తీసుకోండి. పిల్లకు మళ్ళీ ఎక్స్‌రే తీయవలసిన అవసరం తప్పుతుంది, ఎనిమిదో ఏటి నోరు పన్నెండో ఏటి డాక్టరుకు కళ్ళ ముందు ఉంటుంది.